పేజీ ఫాల్ట్‌కీ ట్రంకేట్‌కీ రేస్ వస్తే: పేజీ లాక్ చాలా, ఇన్వాలిడేట్ లాక్ కావాలా?

ఒక ప్రాసెస్ ఫైల్‌ని ఎమ్‌మ్యాప్ చేసుకుని, అంటే తన మెమరీలో భాగంలా చేసుకుని, వాడుతోంది. ఇంకొకటి అదే ఫైల్‌ని ట్రంకేట్ చేసింది, అంటే చివర కత్తిరించింది. ఇంకా మ్యాప్ కాని పేజీని ప్రోగ్రాం తాకితే పేజీ ఫాల్ట్ వస్తుంది, ఆ పేజీని తెచ్చిపెట్టేది కెర్నెల్‌లోని ఫాల్ట్ హ్యాండ్లర్. దాని చేతిలో అప్పటికే ఉన్న పేజీ ఇక ఆ ఫైల్‌ది కాదు. అలాగే మ్యాప్ చేస్తే, ప్రోగ్రాం అందులో రాసిందంతా గాల్లో కలిసినట్టే. రెండిట్లో ఏది ముందో తెలియని ఈ పోటీయే రేస్.

లినక్స్‌లో మొదట దీనికి ఒక కౌంటర్ ఉండేది. ఫాల్ట్ మొదట్లో దాన్ని చూసుకుని, చివర్లో మారి ఉంటే మళ్లీ మొదటికి వెళ్లడమే. 2007లో 2.6.23తో ఆ పని పేజీ లాక్ (ఒక్కో పేజీకి విడిగా ఉండే తాళం) చేతికి వచ్చింది.

పేజీ లాక్ పద్ధతి నాకు నచ్చుతుంది. ట్రంకేట్ ముందు ఫైల్ సైజు తగ్గిస్తుంది, తర్వాతే ఒక్కో పేజీని లాక్ చేసి పేజీ క్యాష్‌లోంచి (ఫైల్ పేజీలు మెమరీలో ఉండే చోటు) తీస్తుంది. ఫాల్ట్ కూడా లాక్ పట్టుకున్నాకే పేజీ ఇంకా ఫైల్‌దేనా, సైజు లోపలే ఉందా అని చూస్తుంది. సైజు దాటితే ప్రోగ్రాంకి సిగ్‌బస్ అనే ఎర్రర్ సిగ్నల్. ఒకవేళ ఫాల్టే ముందు మ్యాప్ చేసేసినా, వెనకాల వచ్చే ట్రంకేట్ ఆ మ్యాపింగ్ ఊడదీస్తుంది. అదనపు ఖర్చు దాదాపు లేదు.

అసలు చిక్కు హోల్ పంచ్‌తో. ఫైల్ మధ్యలో డిస్క్ బ్లాకులు పోతాయి, సైజు మాత్రం మారదు. కాబట్టి సైజు చెక్ పనికిరాదు. పేజీలు తీసేశాక, బ్లాకులు విడిపించేలోపు ఫాల్ట్ వస్తే పాత బ్లాకుకే కొత్త పేజీ పుడుతుంది. క్యాష్‌లో లేని పేజీని పంచ్ ఎలా లాక్ చేస్తుంది? ఆ బ్లాకు రేపు వేరే ఫైల్‌కి వెళ్తే ఒకరి డేటా ఇంకొకరికి కనిపిస్తుంది.

ఐనోడ్ లాకే (ఫైల్ మొత్తానికి ఉండే లాక్) వాడొచ్చుగా అనిపిస్తుంది. కుదరదు. రైట్ కాల్ ఆ లాక్ పట్టుకునే యూజర్ బఫర్‌ని తాకుతుంది. ఆ బఫర్ అదే ఫైల్ మ్యాపింగ్ అయితే డెడ్‌లాకే, తను పట్టుకున్న లాక్ కోసం తనే ఎదురుచూస్తూ ఆగిపోతుంది. అందుకే ఫాల్ట్‌కీ పంచ్‌కీ మధ్య విడిగా ఇన్వాలిడేట్ లాక్. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు ఎవరికి వారు పెట్టుకున్న లాకుల్ని 2021లో, 5.15లో ఒకటి చేశారు. ఫాల్ట్‌లు దీన్ని షేర్డ్‌గా (ఒకేసారి అందరూ కలిసి) పట్టుకుంటాయి కాబట్టి ఒకదాన్నొకటి ఆపవు. పేజీ క్యాష్‌లో సిద్ధంగా ఉంటే మామూలు రీడ్ ఫాల్ట్ దీని జోలికే పోదు. పెద్ద పంచ్ నడుస్తుంటే మాత్రం కొత్త పేజీలు కావలసిన ఫాల్ట్‌లు ఆగాల్సిందే.

ట్రంకేట్ ఒక్కటే ఉన్న ఫైల్ సిస్టమ్‌కి పేజీ లాక్ చాలు. హోల్ పంచ్ ఉంటే దానిపైన ఇన్వాలిడేట్ లాక్ తప్పదు. అదీ పేజీలు తీయడం నుంచి బ్లాకులు విడిపించేదాకా ఒకే పట్టున ఉండాలి. మధ్యలో వదిలితే పెట్టీ లాభం లేదు.