ఐదేళ్లు వాడిన స్కూల్ డైరీ: సంతకం గడి, చీటీలు

మా పెద్దమ్మాయి ఒకటో తరగతిలో చేరిన రోజు నుంచి మొన్న ఐదో తరగతి పూర్తయ్యేదాకా మొత్తం ఐదు స్కూల్ డైరీలు వాడాం. ఐదూ దాచి ఉంచాను. డైరీలో ఏ పేజీలో ఏముంటుందో పిల్లల్ని బడికి పంపే అందరికీ తెలుసు కాబట్టి ఆ వివరాల్లోకి వెళ్లను. నేను చెప్పాలనుకుంటున్నది పేజీ అడుగున తల్లిదండ్రుల సంతకం కోసం వదిలే చిన్న గడి గురించి. దాన్ని నమ్ముకుని ఎలా దెబ్బతిన్నామో, ఆ తర్వాత డైరీలోకి కొత్తగా వచ్చిన చీటీలు నాకెందుకంత ఇష్టమయ్యాయో చెప్తాను.

మొదటి రెండేళ్లు ఎవరు అడిగినా ఈ డైరీని తెగ మెచ్చుకునేదాన్ని. సాయంత్రం బ్యాగ్ తెరవగానే ముందు డైరీ బయటికొచ్చేది. పాప వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నాయనమ్మకు చదివి వినిపించేది. పాఠం చదవమంటే మొండికేసే పిల్ల డైరీని మాత్రం అడక్కుండానే చదివేది. అందులో ఉండేది రేపటి సంగతి మరి. రంగు పెన్సిళ్లు తేవాలా, ఆటల పీరియడ్ ఉందా, ఎల్లుండి సెలవా. ఎవరి సాయం లేకుండా తను చదివిన మొదటి మాట 'సెలవు'. ఆ పేజీ మూల మడిచి అలాగే ఉంచాను.

రెండో తరగతిలో పేల నోటీసు వచ్చింది. నాలుగు వాక్యాలే. తరగతిలో కొందరికి పేలు కనిపించాయి, ఇంట్లో పిల్లల తల చూడండి అని. ఎవరి పేరూ లేదు. పేలు ఎగరవు, గెంతవు, తలకి తల తగిలినప్పుడు పాకుతూ వెళ్తాయని రాశారు. మందు ఒక్కసారి పెట్టి వదిలేస్తే చాలదు, ఈపి పగలడానికి వారం పైన పడుతుంది కాబట్టి తొమ్మిది పది రోజులకు మళ్లీ పెట్టాలని కూడా రాశారు. ఆ చివరి మాట నాకు అప్పటిదాకా తెలియదు. అంతకుముందు ఏడాది ఒక్కసారి మందు పెట్టి, మళ్లీ వస్తే పాపనే తిట్టాను. ఆ రోజు నోటీసు కింద సంతకం పెడుతూ ఈ గడి ఎంత మంచిదో అనుకున్నాను. బడి చెప్పింది, ఇల్లు విన్నది, రుజువు కాగితం మీద ఉంది. ఇంకేం కావాలి?

మూడో తరగతిలో ఆ నమ్మకం పోయింది.

ఒక గురు, శుక్రవారాలు జలుబుతో పాపని బడికి పంపలేదు. ఆదివారం రాత్రి బ్యాగ్ సర్దుతూ డైరీ తీశాను. గురువారం పేజీ ఖాళీ, శుక్రవారం పేజీ ఖాళీ. మా బడిలో సంతకం లేని పేజీ కనబడితే సోమవారం పొద్దున పిల్లని నిలబెట్టి అడుగుతారు. దానికి ఆ బాధ ఎందుకని రెండు ఖాళీ పేజీల కిందా సంతకాలు పెట్టేశాను. అప్పటికి అది నాకు అలవాటే. బడికి వెళ్లని రోజు ఏముంటుంది, చదవడానికేముందని.

తర్వాతి వారం శనివారం మా ఆడపడుచు వచ్చింది. ఆరో నెల. పాపకి అత్తంటే ప్రాణం, రాత్రిళ్లు దాని పక్కలోనే పడుకుంది. నాలుగు రోజులు గడిచాయి. బుధవారం పొద్దున జడ వేస్తుంటే పాప మెడ వెనక నీటి బుడగల్లాంటి పొక్కులు మూడు కనిపించాయి. చొక్కా ఎత్తి చూస్తే వీపు మీద మరికొన్ని.

చిన్నోడిని దింపడానికి వెళ్లినప్పుడు గేటు దగ్గర పాప క్లాస్‌మేట్ వాళ్లమ్మతో అన్నాను, ఆటలమ్మలా ఉందని. ఆవిడ ఆశ్చర్యపోయింది. "డైరీలో అంటించారు కదండీ, రెండు వారాల కిందటే. క్లాసులో ఒకళ్లకి పోసిందని. మీ డైరీలో లేదా?"

ఇంటికొచ్చి డైరీ తీశాను. ఆ రెండు తెల్ల పేజీలు, వాటి కింద నా సంతకాలు. వాటిని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

లెక్క చూసుకుంటే అంతా సరిపోయింది. ఆ పిల్లవాడు చివరిసారి తరగతిలో ఉన్నది రెండు వారాల కిందటి బుధవారం. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆటలమ్మ అంటుకుంటుంది. సోకిన తర్వాత బయటపడడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. మా పాపకి పద్నాలుగో రోజున కనిపించింది. అంటే నోటీసు చేతికి వచ్చి ఉన్నా పాపకి రాకుండా ఆపగలిగేవాళ్లం కాదు, అప్పటికే అంటుకుంది. కానీ ఆడపడుచుని రావద్దని చెప్పేవాళ్లం. లేదా పాపని వేరే గదిలో పడుకోబెట్టేవాళ్లం. ఒక్క చిన్న కాగితం మాకిచ్చి ఉండాల్సిన అవకాశం అది.

డాక్టర్ దగ్గర మొదటి ప్రశ్న పాప గురించి కాదు, ఆడపడుచు గురించే. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా, టీకా వేయించుకున్నారా అని. ఒకసారి పోసి ఉంటే సాధారణంగా మళ్లీ రాదు, పోయకపోతే మాత్రం గర్భిణులకు ప్రమాదం. ఆడపడుచు నా వైపు తిరిగి, "వదినా, నాకు గుర్తులేదు. అమ్మనడుగు" అంది. అత్తయ్యకి ఫోన్ చేస్తే, "అన్నకి పోసింది, బాగా గుర్తు. దానికి పోసిందో లేదో..." అని ఆగిపోయారు. రక్తపరీక్షకి ఇచ్చాం. దాని ఒంట్లో రక్షణ లేదని తేలితే యాంటీబాడీల ఇంజెక్షన్ ఉంటుందని, అయితే వ్యాధి తగిలిన తర్వాత పది రోజుల లోపు వేయాలని డాక్టర్ చెప్పారు. ఫలితం రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల టెన్షన్ మాటల్లో చెప్పలేను. ఆడపడుచు ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

రక్షణ ఉందని తేలింది. ఎప్పుడో చిన్నప్పుడు తేలిగ్గా పోసి ఉంటుంది, ఎవరూ గమనించి ఉండరని డాక్టర్ అన్నారు. పాపకి కూడా తేలిగ్గానే పోయింది, మొత్తం మీద యాభై పొక్కులు కూడా లేవు. టీకా ఒక డోసు పడి ఉండడం వల్ల అంత తక్కువగా వచ్చిందట. ఆ తర్వాత వేయించాల్సిన రెండో డోసు మేమే వాయిదా వేస్తూ వచ్చాం. చిన్నోడికి ఆ పొరపాటు చేయలేదు.

పొక్కులన్నీ ఎండి పక్కు కట్టాక పాపని తీసుకుని టీచర్ దగ్గరికి వెళ్లాను. గొడవ పడదామనే వెళ్లాను, దాచను. ఆవిడ సొరుగు లాగి మా పాప కోసం విడిగా పెట్టిన నోటీసు కాగితం తీసి చూపించారు. అది అక్కడే ఉండిపోయింది. "సోమవారం అంటిద్దామనే తీశానండీ. డైరీ తెరిస్తే ఆ రెండు రోజుల పేజీల కింద మీ సంతకం ఉంది. ఎవరో చెప్పి ఉంటారు, మీరు చూసే పెట్టారనుకున్నాను" అన్నారు.

ఇక నేను మాట్లాడలేకపోయాను. రెండేళ్లు నేను అంతగా మెచ్చుకున్న గడి ఇదే. సంతకం ఉందంటే చదివారని ఆవిడ నమ్మారు. సంతకం పెడితే పిల్లని నిలబెట్టరని నేను పెట్టాను. ఇద్దరం ఒకే గడిని వాడాం, వేరు వేరు పనులకి. తర్వాత పాత డైరీలు తిరగేస్తే వారానికి సరిపడా ఒకే పెన్నుతో, ఒకే ఊపులో పెట్టిన సంతకాలు చాలా కనిపించాయి. కాబట్టి మొదటి రెండేళ్లలో నా పొగడ్త విని డైరీ మీద నమ్మకం పెంచుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, దాన్ని సగానికి తగ్గించుకోండి.

ఆ వారమే టీచర్ ఒక పద్ధతి మొదలుపెట్టారు. క్లాసులో పిల్లల్ని ఇద్దరిద్దరిగా జతలు చేశారు. జతలో ఒకరు రాకపోతే రెండోవారు ఆ రోజు సంగతులు ఒక చీటీ మీద రాయాలి. టీచర్ చూసి, నోటీసు ఉంటే దానికి కలిపి, సాయంత్రం గేటు దగ్గర ఆ ఇంటివాళ్లకో పక్కింటి పిల్లలకో ఇస్తారు. మర్నాడు ఆ చీటీని డైరీలో ఖాళీ పేజీ మీద అంటించాలి. చీటీ లేని ఖాళీ పేజీకి సంతకం పెట్టకూడదు.

నేను ఇది నోటీసులు అందడానికి ఒక ఏర్పాటు అనుకున్నాను. మొదటి చీటీ వచ్చిన సాయంత్రం నా అభిప్రాయం మారిపోయింది. పాపకి జ్వరం, మంచం మీద ఉంది. చీటీలో పెన్సిల్‌తో, గీత మీద నిలవని పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "లెక్కలు 14వ పేజీ. సోమవారం పాత చొక్కా తేవాలి, రంగులు వేస్తాం. నీ గింజ మొలిచింది. నాది ఇంకా మొలవలేదు. రెండిటికీ నీళ్లు పోశా."

'మొలవలేదు' అని రాసిన చోట రబ్బరుతో చెరిపి మళ్లీ రాసిన మచ్చ ఉంది. కాగితం అక్కడ కొంచెం పలచబడింది. పాప ఆ చీటీని నాలుగుసార్లు చదివింది, నాయనమ్మకి రెండుసార్లు వినిపించింది. జ్వరంలో కూడా, రేపు వెళ్లి గింజ చూడాలని ఒకటే గోల.

అప్పటి నుంచి ఐదో తరగతి దాకా మాకు పదకొండు చీటీలు వచ్చాయి. టీచర్ల నోటీసుల్లో ఎప్పుడూ కనబడని బడి వాటిలో కనబడింది. కిటికీ చువ్వల మధ్య పిచ్చుక మళ్లీ గూడు పెట్టిందని, ఆ కిటికీ వేయొద్దని టీచర్ చెప్పారని. నీళ్ల కుళాయి బాగుచేశారని, ఇప్పుడు మరీ గట్టిగా వస్తోందని. ఎవరిదో పన్ను ఆటల పీరియడ్‌లో ఊడిందని, అందరూ వెతికారని, దొరికిందని. ఒక చీటీలో హోంవర్క్ తర్వాత ఒకే వాక్యం: "నీ చోట ఎవరూ కూర్చోలేదు, నా బ్యాగ్ పెట్టా." పిల్ల బడికి వెళ్లని రోజున బడిలో దానికొక చోటు ఉందని నాకు ఇంకెవరు చెప్తారు?

లోపాలు లేవని కాదు. ఒక చీటీలో శనివారం అనబోయి శుక్రవారం అని రాశారు, మేం ఒక రోజు ముందే అట్టలు, గమ్ పట్టుకుని వెళ్లాం. ఇంకో ఇంటికి వెళ్లిన చీటీలో, ఫలానా పిల్లాడిని టీచర్ తిట్టారని రాశారట. ఆ తల్లి బాధపడింది, ఆ బాధలో న్యాయం ఉంది. ఆ తర్వాత టీచర్ రెండు నియమాలు పెట్టారు. ఎవరి జబ్బు పేరూ రాయకూడదు, ఎవరు దెబ్బలు తిన్నారో తిట్లు తిన్నారో రాయకూడదు. ఇంకొక మాట, టీచర్లకీ తల్లిదండ్రులకీ. డైరీలో జెల్ పెన్నుతో రాయకండి. బ్యాగ్‌లో నీళ్ల సీసా కారితే కొన్ని జెల్ పెన్నుల సిరా నీటికి కరిగి పేజీ మొత్తం నీలం అవుతుంది. బాల్ పెన్ సిరాలో నూనె ఉంటుంది కాబట్టి తడిసినా చాలావరకు చదవొచ్చు. చీటీలు రాయడానికి పెన్సిల్ ఇంకా మంచిది. మా నాలుగో తరగతి డైరీ ఒకసారి పూర్తిగా తడిసింది. టీచర్ రాతలు పోయాయి, పిల్లల చీటీలు మిగిలాయి.

మధ్యలో బడి ఒక యాప్ కూడా తెచ్చింది. దాని గురించి ఎక్కువ చెప్పను. అదే రోజు జరగాల్సిన సంగతులకి, అంటే వాన వల్ల ముందుగా వదిలేయడం లాంటివాటికి యాప్ కావాల్సిందే. డైరీ సాయంత్రం దాకా బ్యాగ్‌లోనే ఉంటుంది కదా. కానీ అందులోనూ 'చూశారు' అనే గుర్తు ఉంటుంది, మనం వేలు తాకిస్తే చాలు పడిపోతుంది. సంతకం గడితో నాకు అయిన అనుభవం తర్వాత ఆ గుర్తుని చూస్తే ధైర్యం కలగదు.

కొనాలా వద్దా అని అడిగే వస్తువు కాదిది, బడి ఇస్తుంది, మనం వాడతాం. నా మాట అడిగితే, చీటీల పద్ధతి ఉన్న చోట డైరీ చాలా మంచిది, అది లేని చోట ఒక మోస్తరు. ఇది కూడా మా పరిస్థితిని బట్టే. మా ఇల్లు బడికి నడిచే దూరం, సాయంత్రం ఒకరమైనా ఇంట్లో ఉంటాం, చీటీ తెచ్చిచ్చే పిల్లలు మా వీధిలోనే ఉన్నారు. ఇద్దరూ రాత్రి షిఫ్టుల్లో పనిచేసే ఇళ్లకి, పిల్ల కొన్ని రోజులు అమ్మ దగ్గర, కొన్ని రోజులు నాన్న దగ్గర ఉండే ఇళ్లకి ఒక్క డైరీతో పని జరగదని నాకు తెలుసు. వాళ్లకి యాపే మేలు కావచ్చు.

చిన్నోడు ఇప్పుడు ఒకటో తరగతి. వాళ్లకింకా రాయడం సరిగా రాదు కాబట్టి జత పిల్లలు బొమ్మలు వేసి పంపుతారు. పోయిన వారం వచ్చిన చీటీలో ఒక గుండ్రం, దాని కింద రెండు గీతలు, పక్కన ఒక చెట్టు ఉన్నాయి. కింద టీచర్ 'రేపు ఆకులు ఏరి తేవాలి' అని రాశారు. చిన్నోడు మాత్రం ఆ గుండ్రం తనేనని గట్టిగా చెప్తున్నాడు.