వియత్నాం యాత్ర: ఫొటోలో బాల్కనీ, గదిలో గోడ

వియత్నాం రాజధాని హనోయ్ పాతబస్తీలో నేను, నా భార్య, మా బావమరిది, అతని భార్య ముందుగానే డబ్బు కట్టి తీసుకున్న హోటల్ గదులకు కిటికీలు లేవు. బుకింగ్ యాప్‌లో ఆ హోటల్ పేరు కింద చూపిన మొదటి ఫొటోలో బాల్కనీ ఉంది, బాల్కనీ మీద కాగితపు పూల తీగ ఉంది, అతిథులు వేసిన సగటు మార్కు పదికి 9.2గా ఉంది, అద్దె రాత్రికి 1,850 రూపాయలుగా ఉంది. గదిలో ఒక గోడకు నిండుగా పరదా వేలాడుతుంటే, నా భార్య గాలి కోసం దానిని పక్కకు లాగింది. వెనుక మళ్లీ గోడే కనిపించింది.

రిసెప్షన్‌లోని యువకుడు గొంతు ఏమాత్రం పెంచకుండా మా ఫోనే అడిగి తీసుకుని, గది వివరాల అడుగున బూడిదరంగు సన్నని అక్షరాలలో ఉన్న “కిటికీ లేదు” అన్న మాటను వేలు పెట్టి చూపించాడు. ఆ పాతబస్తీలో ఇళ్లు వీధివైపు మూడు నాలుగు మీటర్ల వెడల్పు మాత్రమే ఉండి, లోపలికి సొరంగంలా సాగిపోతాయి. వాటిని హోటళ్లుగా మార్చినప్పుడు ముందు గదికి, వెనుక గదికి తప్ప నడిమి గదులకు వెలుతురు వచ్చే దారి ఉండదు. అటువంటి గదులను తక్కువ ధరకు ఇవ్వడంలో తప్పేమీ లేదు. అన్ని గదులకూ వీధివైపు గది ఫొటోనే తగిలించడం మాత్రం మోసమే. కిటికీ ఉన్న గదికి మారాలంటే ఒక్కో గదికి రాత్రికి 3 లక్షల డాంగులు, అంటే దాదాపు 1,030 రూపాయలు, అదనంగా కట్టాలన్నాడు. యాప్ సహాయ విభాగానికి రాస్తే హోటల్ వారినే అడగమన్నారు. హోటల్ వారేమో డబ్బు యాప్ వారి చేతిలో ఉందన్నారు. సాయంత్రానికి మేమే ఓడిపోయి రెండు గదులకూ అదనపు సొమ్ము చెల్లించాము.

అంతటితో ముగిసి ఉంటే ఇంత రాసేవాడిని కాదు. వియత్నాంలో బస ఇచ్చేవారు అతిథుల వివరాలను పోలీసులకు నమోదు చేయాలి కనుక పాస్‌పోర్టులు అడగడం సహజమే. వివరాలు రాసుకుని వెంటనే తిరిగి ఇచ్చే చోట్లు ఉన్నాయి. ఇక్కడ మాత్రం ఖాళీ చేసే రోజు వరకు సొరుగులోనే ఉంచుకున్నారు. బయలుదేరే ఉదయం నాలుగు పాస్‌పోర్టులనూ బల్ల మీద పెట్టి, నాలుగు కప్పుల కాఫీ తెప్పించి, తమ ఎదుటే ఫోన్ తెరిచి పదికి పది మార్కులు వేయమని చిరునవ్వుతో కోరారు. గొడవంటే గిట్టని మా బావమరిది గబగబా పది వేసి, “అద్భుతం” అని కూడా రాశాడు. రైల్వే స్టేషన్ వచ్చేదాకా అతని భార్య అతనితో మాట్లాడలేదు. 9.2 అన్న అంకె ఎలా పుడుతుందో ఆ బల్ల దగ్గర కళ్లారా చూశాము గనుక, తరువాతి బసలన్నింటికీ సగటు మార్కును పక్కన పెట్టి, ఆరు, ఏడు మార్కులు వేసినవారి మాటలను కొత్తవాటి నుంచి వెనక్కు చదవడం, హోటల్ పెట్టిన ఫొటోలు కాక అతిథులు తీసిన ఫొటోలు వెతకడం, సమీక్షలలో “కిటికీ”, “శబ్దం”, “పాస్‌పోర్ట్” అన్న మాటలను వెతికించి చూడడం అలవాటు చేసుకున్నాము.

అసలు వియత్నాం ఎందుకు అన్న విషయంలోనే మా నలుగురికీ ఏకాభిప్రాయం లేదు. విజయవాడ పటమటలో ఉండే మా బావమరిదికి ఆ కోరిక ఫోన్‌లోని పొట్టి వీడియోల వల్ల పుట్టింది: రెండు పెద్ద రాతి చేతులు మోస్తున్నట్లు కనిపించే బంగారు వంతెన. గుంటూరు వాడినైన నాకు అమరావతి వల్ల పుట్టింది. మధ్య వియత్నాంలోని డాంగ్ డువాంగ్ వద్ద 1911లో బయటపడిన కంచు బుద్ధ విగ్రహంలో అమరావతి శిల్పశైలి ఛాయలు ఉన్నాయని కళాచరిత్రకారులు రాశారు. ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు మీసన్ లోయలో భద్రేశ్వరుడి పేరున శివాలయాలు కట్టించారు. బ్రాడీపేటలోని మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర జరిగిన చర్చలో రెండూ చూద్దామని రాజీ కుదిరింది. చాంద్రమాన సంవత్సరాది సెలవులలో అక్కడ దుకాణాలు మూతపడి, గదుల ధరలు పెరుగుతాయి కనుక, 2025లో జనవరి 29న ఆ పండుగ వెళ్లిపోయాక ఫిబ్రవరిలో బయలుదేరాము. మధ్య వియత్నాంలో అక్టోబరు, నవంబరు నెలల్లో వానలు, వరదలు ఉంటాయి. దసరా సెలవులకు వెళ్లాలనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒకసారి మాత్రమే ప్రవేశించే ఈ-వీసాకు ప్రభుత్వ రుసుము 25 డాలర్లు, అప్పటి మారకం ప్రకారం సుమారు 2,180 రూపాయలు. గూగుల్‌లో వెతికితే ప్రకటనల రూపంలో ముందుగా తేలేవి దళారుల సైట్లు. వాటిలో రెట్టింపు, మూడు రెట్లు అడిగేవి ఉన్నాయి. చిరునామా “గవ్ డాట్ విఎన్” అని ముగిసేదే అసలైనది. మన పాస్‌పోర్టులలో ఇంటిపేరు ఒక గడిలో, పేరు మరొక గడిలో, కొందరికి అంతా ఒకే గడిలో ఉంటుంది కనుక, వీసా దరఖాస్తులో కూడా పాస్‌పోర్టులో ఉన్న క్రమమే రాయాలి. ఆధార్‌లో ఉన్న పేరు, టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్న పేరు ఇక్కడ పనికిరావు. విమాన ధరలు పెరగడం తగ్గడం చూడడానికి గూగుల్ ఫ్లైట్స్ బాగా ఉపయోగపడింది. టికెట్లు మాత్రం విమాన సంస్థ సొంత సైట్‌లోనే కొన్నాము. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ మీదుగా రానూపోనూ మనిషికి 27,400 రూపాయలు అయ్యాయి.

హనోయ్ నుంచి మధ్య వియత్నాంలోని డా నాంగ్‌కు 791 కిలోమీటర్లు రైలులో వెళ్లాము. నాలుగు పడకల గది మాకు సరిగ్గా సరిపోయింది, హాయిగా నిద్రపట్టింది. హాయ్ వాన్ కనుమ దగ్గర సముద్రం ఎడమ చేతివైపు వస్తుంది.

డా నాంగ్‌కు దగ్గరలోని హోయ్ అన్‌లో బసను మ్యాప్ తెరిచి వెతికాము. ధరల జాబితాలో పైనున్నది కాక, పాత పట్టణానికి నడిచి వెళ్లగలిగేంత దూరంలో, వరి పొలాల అంచున ఉన్న ఇళ్లను చూసి, ఒక ఇంటి యజమానురాలికి నేరుగా సందేశం పంపి, “గదికి కిటికీ ఉందా, అది ఎటువైపు తెరుచుకుంటుంది?” అని అడిగాము. ఆమె జవాబుగా కిటికీ తెరిచి తీసిన వీడియో పంపింది. గది రాత్రికి 1,600 రూపాయలు, ఉదయం ఫలహారం అందులోనే, సైకిళ్లకు అద్దె లేదు. పాస్‌పోర్టులను ఫొటో తీసుకుని మా ఎదుటే తిరిగి ఇచ్చింది. నా భార్య ముఖం హనోయ్ తరువాత మొదటిసారి అక్కడ తేటపడింది.

మా బావమరిది భార్య శాకాహారి. గుంటూరు నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి, కందిపొడి, కరివేపాకు కారం మీదే ఆమె రోజులు గడుపుతుండగా, ఫిబ్రవరి 12న పౌర్ణమి వచ్చింది. మనకు మాఘ పౌర్ణమి, వారికి కొత్త ఏడాదిలో మొదటి పౌర్ణమి. ఆ రోజు అక్కడి బౌద్ధులలో చాలామంది మాంసం ముట్టరు. యజమానురాలు మమ్మల్ని మార్కెట్ వెనుక సందులో “చాయ్” (వారి భాషలో శాకాహారం) అని బోర్డు ఉన్న ఒక చిన్న భోజనశాలకు తీసుకువెళ్లింది. ప్లాస్టిక్ పీటల మీద కూర్చోబెట్టి, అన్నం, అల్లంతో వేయించిన పుట్టగొడుగులు, టమాటా పులుసులో ఉడికిన టోఫు, పనసకాయ ముక్కల కూర, పక్కన పచ్చి ఆకుల పళ్లెం పెట్టారు. చేప సాసు వాసనకు భయపడి అంతవరకు ఏ పులుసూ ముట్టని మా బావమరిది భార్య రెండోసారి అన్నం అడిగి, కారం మాత్రం మన డబ్బాలోంచే వేసుకుంది. మనిషికి 40 వేల డాంగులు, అంటే 140 రూపాయలు కూడా కాలేదు. వీసా తేదీలను పౌర్ణమికి కలిసేలా పెట్టుకోమని శాకాహారులకు నేను గట్టిగానే చెబుతాను.

మీసన్‌కు హోయ్ అన్ నుంచి 40 కిలోమీటర్లు. ప్రవేశ రుసుము లక్షా 50 వేల డాంగులు, సుమారు 510 రూపాయలు. తెల్లవారుజామునే వెళితే ఎండ, గుంపులు రెండూ తప్పుతాయి. 1969లో అమెరికా బాంబులకు కూలిన ప్రధానాలయం ఇటుకల గుట్టగా మిగిలింది. ఆ బాంబుల గోతులు ఇప్పటికీ కనిపిస్తాయి. మన పురావస్తు శాఖ వారు ఇక్కడ ఆలయాల పునరుద్ధరణ చేపట్టినప్పుడు, 2020లో ఇసుకరాతి శివలింగం ఒకటి బయటపడింది. దాని ముందు నేను ఎక్కువసేపు నిలబడితే మా బావమరిది గడియారం చూసుకున్నాడు.

అతని వంతెన ముచ్చట డా నాంగ్ దగ్గరి బానా కొండల మీద తీరింది, లేదా తీరలేదు. కేబుల్ కారుతో కలిపి మనిషికి మూడు వేల రూపాయల పైచిలుకు. 2018లో ప్రారంభమైన ఆ వంతెన చేతులు రాతివి కావు, ఇనుప వలపై ఫైబర్ గ్లాసు పూసి పాతబడినట్లు రంగువేసినవి. మేము వెళ్లిన ఉదయం మంచు కమ్మి, చేతుల్లో ఒకటే కనిపించింది. దాని ముందు ఫొటో కోసం జనం భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. వీడియోల్లో ఆ జనం ఎందుకు ఉండరో తీసేవారికే తెలియాలి.

పథకం వేసుకోవడానికి వాడిన సాధనాల్లో కృత్రిమ మేధ చాట్‌బాట్ మీసన్‌ను, బానా కొండలను ఒకే పూటలో చూపించేసింది. స్థలాల జాబితా కోసం దానిని అడగవచ్చు గాని, గంటల లెక్క కోసం కాదు. గూగుల్ మ్యాప్స్‌ను ముందే దింపుకోవడం, బోర్డులు చదవడానికి కెమెరాతో అనువాదం, బేరం లేకుండా బండి ఎక్కడానికి గ్రాబ్ యాప్, ఈ మూడూ ప్రతిరోజూ పనికివచ్చాయి. గదులను “ఉచిత రద్దు” అన్న షరతుతో తీసుకున్నప్పుడు గడువు ఆ దేశపు కాలం ప్రకారం నడుస్తుంది. వియత్నాం గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది కనుక, మన రాత్రి పదిన్నరకే అక్కడ తేదీ మారిపోతుంది. ఏటీఎంలు, కార్డు యంత్రాలు “రూపాయల్లో చెల్లిస్తారా?” అని అడిగితే వద్దనాలి, ఆ మారకపు రేటులో వారి లాభం కలిసి ఉంటుంది.

విజయవాడలో ఒక ట్రావెల్స్ వారు ఇవే ఊళ్లకు, మీసన్ లేకుండా, మనిషికి 1,05,000 రూపాయలు, దానిపై అప్పట్లో ఉన్న 5 శాతం టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసే పన్ను) అదనంగా అడిగారు. టీసీఎస్ ఆదాయపు పన్ను రిటర్నులో తిరిగి సర్దుబాటు అవుతుంది కాబట్టి దాని గురించి బెంగ అక్కరలేదు. మాకు అదనపు గది సొమ్ముతో సహా మనిషికి 84,000 అయ్యాయి. పెద్ద వయసు తల్లిదండ్రులతో వెళ్లేవారు ఆ తేడా చెల్లించి, అడిగితే జవాబు చెప్పే మనిషిని వెంట ఉంచుకోవడమే మేలు; అయితే “త్రీ స్టార్ లేదా తత్సమానం” అన్న మాటకు ఒప్పుకోకుండా, హోటల్ పేరు, గది రకం, కిటికీ సంగతి బిల్లు మీద రాయించుకుని మరీ అడ్వాన్సు ఇవ్వాలి.