రొద లేని డెస్క్‌టాప్‌కి ఏ కూలర్ మేలు?

డెస్క్‌టాప్ వేడెక్కుతోందని కొత్త కూలర్ (ప్రాసెసర్‌ని చల్లబరిచే పరికరం) కొనేవాళ్లలో చాలామందిని నిజానికి విసిగించేది వేడి కాదు, రొద. వేడి సంగతి ప్రాసెసరే చూసుకుంటుంది. ఏఎండీ వాళ్ల రైజెన్ 7000 ప్రాసెసర్ చిప్‌లలో చాలావరకు 95 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. పక్కన కూర్చుని పనిచేసే మనిషికే ప్రశాంతత కరువు. అందుకే కూలర్‌ని ఎన్ని డిగ్రీలు తగ్గిస్తుందని కాకుండా, ఎంత చప్పుడుతో తగ్గిస్తుందని చూడాలి.

ప్రాసెసర్‌తో పాటు ఉచితంగా వచ్చే కూలర్‌ని వెంటనే తీసి పారేయక్కర్లేదు. పొట్టి అల్యూమినియం దిమ్మ, దానిమీద చిన్న ఫ్యాన్, అంతే. 65 వాట్ల చిప్‌కి సరిపోతుంది. దీనితో అసలు చికాకు శబ్దం మాటిమాటికీ మారడం. బ్రౌజర్‌లో ఓ పేజీ తెరవగానే ఫ్యాన్ గుయ్యిమని లేస్తుంది, రెండు క్షణాల్లో తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. ఒకే తీరున సాగే సడికి చెవి అలవాటు పడుతుంది గానీ ఈ ఎగుడుదిగుళ్లకు పడదు. బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరుచుకోగల సెట్టింగుల మెనూలోకి) వెళ్లి, 60 డిగ్రీల దాకా ఫ్యాన్ ఒకే నెమ్మది వేగంతో తిరిగేలా, ఆ పైన కొన్ని సెకన్లు ఆగి పుంజుకునేలా పెట్టండి. పైసా ఖర్చు లేదు. మామూలు ఆఫీసు పనికి చాలాసార్లు ఇంతటితోనే సమస్య తీరిపోతుంది.

తీరకపోతే నా ఓటు టవర్ కూలర్‌కే. అడుగు నుంచి పైనున్న పల్చటి లోహపు రేకుల దాకా రాగి గొట్టాలు ఉంటాయి. వాటిలో ఉండే కాస్త ద్రవం ప్రాసెసర్ దగ్గర ఆవిరై, రేకుల దగ్గర చల్లబడి, మళ్లీ కిందికి వస్తుంది. దీనికి మోటారు అక్కర్లేదు కాబట్టి చప్పుడు చేసేది ఫ్యాన్ ఒక్కటే. అది సాధారణంగా 120 మిల్లీమీటర్లది కావడంతో నెమ్మదిగా తిరిగినా చాలినంత గాలి తోస్తుంది. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే గాలీ సగమవుతుంది, శబ్దం మాత్రం సుమారు 15 డెసిబెళ్లు పడిపోతుంది. పెద్ద రేకులు, నిదానమైన ఫ్యాన్ కలిస్తే నిశ్శబ్దం వచ్చేది ఈ లెక్క వల్లే. 65 వాట్ల చిప్‌కి ఒంటి టవర్ చాలు. అంతకు మించితే థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ లాంటి జంట టవర్, తక్కువ ధరలోనే ఖరీదైన నాక్టువా ఎన్‌హెచ్-డీ15కి పనితీరులో దగ్గరగా వస్తుంది. కొనేముందు ఎత్తు కొలుచుకోండి. మొదటిది 155 మిల్లీమీటర్లు, రెండోది 165. సన్నటి క్యాబినెట్‌లో రెండూ పట్టవు.

లిక్విడ్ కూలింగ్ అంటే నిశ్శబ్దం అన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. నేను ఒప్పుకోను. అందులో ద్రవాన్ని చల్లబరిచే రేడియేటర్‌కీ ఫ్యాన్లు ఉంటాయి, వాటికి తోడు ద్రవాన్ని తిప్పే పంపు. కంప్యూటర్ ఖాళీగా ఉన్నా పంపు మాత్రం తిరుగుతూనే ఉంటుంది, రాత్రిపూట దాని సన్నటి జుమ్మనే మోత విడిగా వినిపిస్తుంది. గొట్టాల గోడల గుండా ద్రవం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతుంది. లోపలి గాలి పంపులో చేరితే గుడగుడలాడుతుంది కూడా, అందుకే రేడియేటర్ పైభాగం ఎప్పుడూ పంపు కన్నా ఎత్తులో ఉండాలి. పంపు పోతే మొత్తం పోయినట్టే. టవర్‌లో ఫ్యాన్ పోతే ఇంకో ఫ్యాన్ తగిలిస్తే సరిపోతుంది. గరిష్ఠంగా 253 వాట్లు లాగే కోర్ ఐ9-14900కె లాంటి చిప్‌తో గంటల తరబడి వీడియో రెండరింగ్ చేసేవాళ్లకైతే పెద్ద రేడియేటర్ న్యాయమైన ఖర్చే.

అసలు ఫ్యాన్ లేని కూలర్లూ ఉన్నాయి గానీ వాటి ధర ఎక్కువ, మోయగలిగే వేడి తక్కువ.

ఏది కొన్నా, ముందు రొద ఎక్కడిదో తేల్చుకోండి. గేమ్ ఆడేటప్పుడే హోరెత్తుతుంటే అది చాలావరకు గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లదే, ప్రాసెసర్ కూలర్ మార్చినా లాభముండదు. అడుగు నుంచి గరగరమంటే హార్డ్ డిస్క్ కావచ్చు. క్యాబినెట్ ముందువైపు గాజుతో మూసుకుపోయి ఉంటే గాలి అందక ఫ్యాన్లన్నీ వేగం పెంచుతాయి. అప్పుడు పక్క తలుపు తీసి ఓ పూట నడిపి చూడండి. రొద తగ్గిందంటే మార్చాల్సింది కూలర్ కాదు, క్యాబినెట్.