ఇంటర్ తర్వాత చరిత్ర: విదేశీ డిప్లొమానా, అనంతపురం బీఏనా?

హెచ్ఈసీ చదివిన అమ్మాయి "చరిత్రే చదువుతా, అదీ బయటి దేశంలో" అంటే ఇంట్లో మొదట ఉద్యోగం గురించి అడుగుతారు, తర్వాత డబ్బు గురించి. ఏ దారిలో వెళ్లాలన్నది మాత్రం కన్సల్టెన్సీకే వదిలేస్తారు. అక్కడే దెబ్బ తింటారు. నా మొగ్గు ముందే చెప్తున్నా: కర్నూలు, కడప, అనంతపురం పిల్లల్లో ఎక్కువమందికి ఇక్కడ బీఏ చేసి ఎంఏకు బయటికి వెళ్లడమే మేలు.

కన్సల్టెన్సీ వాళ్లు 'పాత్‌వే' అని ఒకే మాటగా చెప్పేస్తారు గానీ అందులో రెండు రకాలున్నాయి. ఫౌండేషన్ అంటే డిగ్రీకి ముందు అదనంగా చదివే ఏడాది. డిప్లొమా అయితే డిగ్రీ మొదటి ఏడాదికి సమానం. వాళ్లు అడిగిన మార్కులు తెచ్చుకుంటే నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. మెల్‌బోర్న్‌లోని మోనాష్ కాలేజీలో డిప్లొమా ఆఫ్ ఆర్ట్స్ ఇలాంటిదే. బ్రిటన్‌లోనూ 'ఇంటర్నేషనల్ ఇయర్ వన్' పేరుతో ఉంది కానీ, అక్కడ బిజినెస్, ఇంజనీరింగ్ జోరే ఎక్కువ. చరిత్ర కావాలన్నవాళ్లకు చాలాసార్లు ఫౌండేషనే దొరుకుతుంది.

ఏళ్లు లెక్కేయండి. ఫౌండేషన్ ఒకటి, ఇంగ్లండ్‌లో డిగ్రీ మూడు, మొత్తం నాలుగేళ్లు. చేతికొచ్చేది బీఏ. ఇక్కడ మూడేళ్ల బీఏ, ఆపై ఇంగ్లండ్‌లో ఏడాది ఎంఏ చేసినా అవే నాలుగేళ్లు. చేతికొచ్చేది ఎంఏ. విదేశీ ఫీజు కట్టేదీ ఒక్క ఏడాదికే. డిప్లొమా దారిలో మూడేళ్లలో బీఏ అయిపోతుంది కాబట్టి ఫౌండేషన్ కన్నా నయం, కానీ మూడేళ్లూ విదేశీ ఖర్చే.

ఆ ఖర్చు చిన్నది కాదు. ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసాకు ఫీజు, ప్రయాణం కాక, ఏడాది బతకడానికే 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు ఉన్నట్టు చూపించాలని 2024 మేలో పెట్టారు. మన డబ్బులో 16 లక్షలకు తగ్గదు. వీసా దరఖాస్తుకే 2025 జులై నుంచి 2,000 డాలర్లు. ఎడ్యుకేషన్ లోన్ మామూలుగా ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు తాకట్టు అడుగుతుంది. అంటే ఇల్లో, పొలం కాగితాలో. చరిత్ర డిగ్రీతో ఆ లోన్ తీర్చడానికి ఎన్నేళ్లు పడుతుందో సంతకం పెట్టే నాన్నకు ముందే తెలియాలి.

డిప్లొమాలో మంచి లేదా అంటే, ఉంది. చిన్న క్లాసులు. వ్యాసం ఎలా రాయాలి, ఆధారం ఎలా చూపాలి, సెమినార్‌లో నోరు విప్పి ఎలా వాదించాలి అన్నవి మొదటి నెల నుంచే నేర్పిస్తారు. మన దగ్గర ఇంకా గైడు, ఇంపార్టెంట్ ప్రశ్నలు, పరీక్షకు ముందు వారం చదువు. ఈ విషయంలో మన డిగ్రీ కాలేజీలను వెనకేసుకు రాలేను.

కానీ చరిత్ర విద్యార్థికి మన దగ్గర ఉన్నది మెల్‌బోర్న్‌లో లేదు. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో క్రీ.శ. 575 నాటిదని చెప్పే తెలుగు శాసనం ఉంది. గుత్తికి దగ్గర్లో ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది, ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ రాయించిన కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, అక్కడ చదువుకోవచ్చు. 1916లో మొదలైన అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చేరిన పిల్లకు ఇవన్నీ బస్సు చార్జీ దూరం. మెల్‌బోర్న్ బీఏలో అయితే ఇండియా మీద ఒకటో రెండో పేపర్లు దొరికితే గొప్ప. తెలుగు శాసనం చదవడం నేర్పేవాళ్లు అక్కడెక్కడ దొరుకుతారు?

1800లో నిజాం మన జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక థామస్ మన్రో ఏడేళ్లు ఇక్కడ కలెక్టరు. ఆ కాలపు కాగితాలు కొన్ని చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లో, కొన్ని లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. లండన్ వెళ్లాల్సిన అసలు పని అదీ. పాత తెలుగు చదవడం, రెవెన్యూ మాటలు అర్థం కావడం వచ్చాక, ఎంఏకు వెళ్తే ఆ కాగితాలు పనికొస్తాయి. పద్దెనిమిదేళ్లకే వెళ్తే ఆ లైబ్రరీ ముందు ఫొటో మిగులుతుంది.

సరే, డిప్లొమా ఎవరికి? లోన్ లేకుండా ఖర్చు భరించగలిగే ఇల్లు, ఐరోపా చరిత్రో ప్రపంచ యుద్ధాలో చదవాలన్న పట్టుదల, అక్కడే స్థిరపడాలన్న ఆలోచన ఉంటే వెళ్లొచ్చు. ఐఈఎల్‌టీఎస్ స్కోరు నేరుగా డిగ్రీకి చాలకపోయినా డిప్లొమాకు సరిపోవచ్చు. డబ్బు కట్టేముందు రెండు సంగతులు రాతపూర్వకంగా తెప్పించుకోండి. డిప్లొమాలో నిజంగా చరిత్ర పేపర్లు ఎన్ని, అవి రెండో ఏడాది హిస్టరీ మేజర్‌కు లెక్కలోకి వస్తాయా? మీడియా, సోషియాలజీ పేపర్లతో ఏడాది నిండిపోతే, పేరుకు రెండో ఏడాదే గానీ చరిత్ర మొదటినుంచీ మొదలుపెట్టాలి. రెండోది, ఆ డిగ్రీతో ఇక్కడికొచ్చి యూజీసీ నెట్ పరీక్ష రాయాలన్నా, లెక్చరర్ పోస్టుకు దరఖాస్తు పెట్టాలన్నా దాన్ని మన డిగ్రీతో సమానంగా గుర్తిస్తారా? దీని మీద యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. కన్సల్టెన్సీ మాట నమ్మకుండా వాటిని మీరే చదవండి.