స్ప్లిట్ నుంచి విస్ దాకా తెరచాప పడవలో: సముద్రానికి ఫుల్ మార్కులు, మరీనాలకు మాత్రం కాదు

జులైలో క్రొయేషియా తీరంలో యాట్ అద్దెకు తీసుకోవాలా వద్దా అంటే, తీసుకోండి అనే చెబుతా. కానీ రోజూ ఏదో ఒక మరీనాలోనే, అంటే డబ్బు కట్టి పడవ ఆపుకునే రేవులోనే, రాత్రి గడపాలని ప్లాన్ వేసుకున్నారో, సగం డబ్బు పడవ కట్టేసుకోవడానికే పోతుంది. మేం స్ప్లిట్‌లో ఎక్కి బ్రాచ్, హ్వార్, విస్ దీవులు చుట్టి మళ్లీ స్ప్లిట్‌లోనే దిగాం. 12 మీటర్ల పడవ, 3 క్యాబిన్లు, పడవ నడిపే స్కిప్పర్‌ను విడిగా మాట్లాడుకున్నాం.

ముందు అద్దె కంపెనీ సంగతి. ఇక్కడ వారమంటే శనివారం నుంచి శనివారం. సాయంత్రం 5 గంటలకు పడవ ఇస్తామన్నారు, చేతికొచ్చేసరికి 7 దాటింది, అప్పటిదాకా సామాన్లు పట్టుకుని జెట్టీ మీద ఎండలో పడిగాపులు. లంగరు గొలుసు లాగే మోటారు మొరాయిస్తోందంటే ఒకతను వచ్చి ఫ్యూజు మార్చి వెళ్లాడు, మర్నాడు మళ్లీ అదే పాట. ఫోన్ చేస్తే "బటన్ కాస్త మెల్లగా నొక్కండి" అని సలహా! డిపాజిట్‌లో మాత్రం ఒక్క యూరో కూడా కోయకుండా తిరిగిచ్చారు, ఆ మాటా చెప్పాలి. టూరిస్ట్ ట్యాక్స్, చివర్లో క్లీనింగ్, డింగీ (ఒడ్డుకు వెళ్లే చిన్న పడవ) మోటారు లాంటివి వెబ్‌సైట్‌లో కనిపించే అద్దెలో ఉండవు, అన్నీ కలిపి ఎంతవుతుందో బుక్ చేసే ముందే అడగండి.

మరీనాలో పడవ కట్టడం చూసి తీరాల్సిన తతంగం. మధ్యధరాలో పడవను గట్టుకు పక్కవాటుగా ఆపడం తక్కువ, రివర్సులో వచ్చి వెనక భాగాన్ని గట్టుకు చేర్చి కడతారు. ఏసీఐ అనే మరీనాల సంస్థ వాళ్లదైతే వీహెచ్ఎఫ్ రేడియోలో 17వ ఛానెల్‌లో పిలిస్తే వాళ్ల మనిషి జెట్టీ మీదకొచ్చి చోటు చూపిస్తాడు. రెండు పడవల మధ్య సందులోకి స్కిప్పర్ వెనక్కి నడుపుతుంటే మనం ఫెండర్లు (పడవలు రాసుకోకుండా అడ్డుపెట్టే దిండ్లు) పట్టుకుని రెండు పక్కలా కాపలా కాయాలి. గట్టు దగ్గరికి రాగానే ఆ మనిషి నీళ్లలోంచి ఒక తాడు ఎత్తి అందిస్తాడు, దాని రెండో కొస సముద్రం అడుగున కాంక్రీటు దిమ్మకు ఉంటుంది. ఆ తాడు పట్టుకుని పడవ అంచు వెంబడే ముందు కొస దాకా నడిచి బిగలాగి కట్టాలి. నాచు పట్టి జారుతుంటుంది, పైగా దానికి అతుక్కున్న పెంకులు అరచేతులు కోసేస్తాయి, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. పక్కనుంచి గాలి కొట్టిందా, అటూ ఇటూ పడవల వాళ్లు కూడా చేతిలో గ్లాసులు పక్కన పెట్టి లేచి నిలబడతారు, సాయం చేయడానికో, వాళ్ల పడవకు గీతలు పడతాయన్న టెన్షన్‌కో మరి.

హ్వార్ పట్నానికి ఎదురుగా పాక్లెని దీవుల్లో ఉన్న పాల్మిజానా మరీనాకు చాలా పేరు. చుట్టూ పైన్ చెట్లు, నీళ్లు అద్దంలా ఉంటాయి, కాదనను. కానీ సీజన్‌లో మా సైజు పడవకు రాత్రికి 100 యూరోలు తేలిగ్గా దాటుతుంది, రెండు పడవలు జోడించినట్టుండే కాటమరాన్‌కైతే ఇంకా బాదుడు. ఆ డబ్బుకు కరెంటు, మంచినీళ్లు, షవర్లు ఉంటాయి, హ్వార్ వెళ్లాలంటే వాటర్ ట్యాక్సీకి మళ్లీ వేరే. మధ్యాహ్నానికే చేరకపోతే చోటు అనుమానమే, అంటే గాలి బాగా వీచే వేళకే తెరచాప దించేయాలి! పక్క పడవలో అర్ధరాత్రి దాకా పాటలు, నిద్ర సున్నా. దీనికంటే బ్రాచ్‌లో మిల్నా ఎన్నో రెట్లు నయం, మరీనా దిగితే ఊళ్లోనే ఉంటాం. హ్వార్ దీవిలోనే ఉన్న స్టారి గ్రాడ్ కూడా అంతే. క్రీ.పూ. 384లో గ్రీకులు కట్టుకున్న ఊరు, వాళ్లు రాతి గోడలతో విభజించిన పొలాల్లో ఇప్పటికీ ద్రాక్ష, ఆలివ్ పండిస్తున్నారు.

నాకు బాగా నచ్చింది విస్. యుగోస్లావియా సైనిక స్థావరం కావడంతో 1989 వరకు విదేశీయులను రానివ్వలేదు, అందుకే హ్వార్‌లో ఉన్న హడావిడి ఇక్కడ లేదు. బోయాకు, అంటే నీళ్ల మీద తేలే గుండుకు, కట్టేసుకుంటే మరీనాకయ్యే దాంట్లో కొంతే అవుతుంది, డబ్బు తీసుకోవడానికి మనిషే చిన్న పడవలో వస్తాడు. చిన్న చిన్న అఖాతాల్లో కొన్ని కొనోబాలు, అంటే అక్కడి భోజన హోటళ్లు, తమ దగ్గర తింటే బోయా ఉచితమంటాయి. చేప కిలో లెక్కన అమ్ముతారు, తూచేటప్పుడే రేటు అడగండి, లేకపోతే ఆ ఉచిత బోయా ఎంతకు పడిందో బిల్లులో తెలుస్తుంది.

ఇక గాలి. పొద్దున్న ఆకు కూడా కదలదు, ఇంజినే దిక్కు. మధ్యాహ్నానికి వాయవ్యం నుంచి మాస్ట్రల్ అనే గాలి లేస్తుంది, అప్పుడు ఇంజిన్ ఆపి పక్కగాలికి విస్ వైపు పరుగు తీస్తుంటే పడవ ఒరిగి నీళ్లను కోసుకుపోయే చప్పుడు తప్ప ఇంకేం వినపడదు, ఈ డబ్బంతా దానికోసమే. చీకటి పడేసరికి గాలి సద్దుమణుగుతుంది. ఈశాన్యం కొండల మీదనుంచి బుర అనే ఈదురుగాలి దిగుతుందని సూచన వచ్చిందంటే మాత్రం ఎంత అడిగినా ఇచ్చి మరీనాలోకి దూరిపోవాల్సిందే, ఆ రాత్రి రేటు గురించి నేనూ మాట్లాడను.

లైసెన్స్ ఉన్నా మొదటిసారైతే స్కిప్పర్‌ను పెట్టుకోండి, జీతంతో పాటు అతని తిండి, పడుకోవడానికి చోటు కూడా మనదే, క్యాబిన్ల లెక్క అందుకు తగ్గట్టు చూసుకోండి. ఇంకొకటి, దిగేది శనివారమే అయినా, శుక్రవారం సాయంత్రానికే ట్యాంకు నింపి పడవను వెనక్కి తెచ్చేయాలి, అందరూ అదే సాయంత్రం వస్తారు కాబట్టి డీజిల్ బంకు ముందు పడవలన్నీ లైను కట్టి గుండ్రంగా తిరుగుతుంటాయి. మధ్యాహ్నం లోపే వెళ్లి పోయించేసుకోండి.