గంటల మీటరు 9,000 దాటాక మా లోడర్ గురించి

కంకర ఎత్తి లారీల్లో పోసే ఈ లోడర్ కొన్నప్పుడు చూడవచ్చినవాళ్లంతా అడిగింది ఒకటే: ఎన్ని హార్స్ పవర్? దాదాపు 200. ఆరు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజిన్, 3 ఘనమీటర్ల బకెట్. ఇప్పుడు ఇంజిన్ నడిచిన గంటలు లెక్కపెట్టే మీటరు 9,000 దాటింది. ఆ 200 అంకెను నేను తలచుకోవడం మానేసి చాలా కాలమైంది.

కంకర గుట్టలోకి బకెట్ దూర్చేటప్పుడు అక్కరకు వచ్చేది ఇంజిన్ తక్కువ వేగంలో తిరిగినా దొరికే టార్క్, అంటే తిప్పే బలం. అది దీనికి పుష్కలంగా ఉంది. 1,400 ఆర్‌పీఎం దగ్గరే బిగబట్టి తోస్తుంది, గొంతు మారదు. చక్రాలను తిప్పేదీ, బకెట్‌ను లేపే హైడ్రాలిక్ పంపును తిప్పేదీ ఆ ఒక్క ఇంజినే కాబట్టి, యాక్సిలరేటర్ అదిమి తొక్కితే బలమంతా చక్రాలకే పోతుంది. అవి ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, రాళ్లు టైర్లను కోసేస్తాయి. మొదటి జత టైర్లు పాడుచేసుకున్నాక గానీ నాకు ఆ సంగతి తలకెక్కలేదు.

5,000 గంటల దగ్గర ఒక దెబ్బ తగిలింది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ పాత ఆయిల్ నమూనాను పరీక్షకు పంపే అలవాటు ఉండబట్టి బతికిపోయాను. వరుసగా రెండు నివేదికల్లో సిలికాన్ పెరిగింది, అంటే ఇంజిన్‌లోకి మట్టి వెళ్తోంది. ఎయిర్ ఫిల్టర్ చూస్తే కొత్తది, దాని సూచిక పచ్చగానే ఉంది. ఉండదా మరి! ఫిల్టర్ మూసుకుపోతేనే అది ఎర్రబడుతుంది. దుమ్ము దొడ్డిదారిన వెళ్తుంటే దానికేం తెలుస్తుంది? ఫిల్టర్‌కూ, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బోకూ మధ్య ఉన్న రబ్బరు గొట్టం విప్పి లోపల వేలు పెట్టి తుడిచాను. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తని దుమ్ము అంటుకుంది. బిగింపు పట్టీ కింద వెంట్రుకవాసి పగులు. అప్పటికే టర్బో రెక్కల అంచులు అరిగాయి, దాన్ని మార్చక తప్పలేదు. అప్పటినుంచి పట్టీలన్నీ విప్పి చూడకుండా ఫిల్టర్ మార్చను.

తయారీదారు మీద నాకున్న అసలు కోపం వేరు. లోడర్ నడుము దగ్గర, ముందు భాగం వెనుక భాగం కలిసే చోట, కింది పిన్నుకు గ్రీజు కొట్టాలంటే బురదలో వెల్లకిలా పడుకుని చెయ్యి పైకి పెట్టాలి. ఎవరు రోజూ పడుకుంటారు? నేను లేని రోజుల్లో ఎవరూ పడుకోలేదు. పిన్ను చుట్టూ ఉండే బుష్షు అరిగి, మలుపు తిప్పినప్పుడల్లా టక్కుమని చప్పుడు మొదలైంది. గ్రీజు ఎక్కించే ఆ నిపుల్ నుంచి పక్కకు ఒక సన్నని గొట్టం లాగి ఉంటే సరిపోయేది. చివరికి ఆ పని నేనే చేయించాను.

పొగలోని మసిని పట్టే ఫిల్టర్ సంగతి రెండు ముక్కల్లో: లారీ కోసం ఎదురుచూస్తూ ఇంజిన్‌ను ఊరికే తిరగనిస్తే మసి పేరుకుంటుంది, దాన్ని కాల్చుకోవడానికి యంత్రం సరిగ్గా పని మీదున్నప్పుడే ఆగమంటుంది. ఎదురుచూసేటప్పుడు ఇంజిన్ ఆపేయడం అలవాటు చేసుకున్నాక ఆ బెడద తగ్గింది. బరువు పనిచేసిన వెంటనే మాత్రం ఆపను. మూడు నాలుగు నిమిషాలు టర్బోను చల్లబడనిస్తాను.

మళ్లీ కొనాల్సివస్తే ఇదే కొంటాను, ఆ గ్రీజు గొట్టం బిగించి ఇస్తామంటేనే. ఇంజిన్ తల, అంటే సిలిండర్ల పైమూత, ఇంతవరకు విప్పలేదు. ఎడమ స్టీరింగ్ సిలిండర్ దగ్గర మాత్రం ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది, ఈ వారం సీలు మార్చాలి.