వెనక కారు బ్రేకు సంగతి చెప్పే ఎర్ర దీపం: కిట్ మంచిదే, సూచనల కాగితాన్ని నమ్మకండి

మోటార్‌హోమ్ (ఇల్లులా వాడుకునే పెద్ద బండి) వెనక కారు కట్టుకుని, దాని నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి లాక్కెళ్లేవారి కోసం ఇది రాస్తున్నాను. నేను కొన్నది వైరుతో పనిచేసే బ్రేక్ సూచిక దీపం కిట్. చిన్న డబ్బాలో ఒక ఎర్ర ఎల్‌ఈడీ దీపం, దాన్ని డాష్‌బోర్డులో బిగించే తొడుగు, ఒక డయోడ్ (కరెంటును ఒక్క వైపుకే పోనిచ్చే భాగం), వైరు చుట్ట, అదిమి కలిపే క్లిప్పులు వచ్చాయి. దాని పని ఒక్కటే. వెనక కారులో బ్రేక్ పెడల్ దిగితే ముందున్న డ్రైవరు కళ్లెదుట దీపం వెలగాలి. వస్తువు నాకు బాగా నచ్చింది. కాగితంలో చెప్పినట్టు బిగిస్తే మాత్రం దీపం వెలుగుతుంది, కానీ నిజం చెప్పదు.

ఇంత చిన్న దీపం గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, మాది పది టన్నుల బండి. వెనక కారు బ్రేకులు పట్టేసినా స్టీరింగులో తెలియదు, ఇంజిన్ లాగుడులో తెలియదు, చప్పుడూ ముందుకు వినిపించదు. ఆ కారు ఇంజిన్ ఆగి ఉంటుంది కాబట్టి బ్రేకుకు వాక్యూమ్ సాయం ఉండదు, పెడల్ గట్టిగా ఉంటుంది. అందుకే డ్రైవరు సీటు ముందు ఒక బ్రేక్ పెట్టె పెడతాం. బండి వేగం తగ్గడాన్ని అది పసిగట్టి గాలి ఒత్తిడితో పెడల్‌ను నొక్కుతుంది. నొక్కకపోతే మనం ఆగే దూరం పెరుగుతుంది. నొక్కి వదలకపోతే అంతకన్నా ప్రమాదం. ప్యాడ్లు డిస్కును రాసుకుంటూనే ఉంటాయి, వేడి పెరుగుతుంది, చివరికి టైరు అంటుకునే దాకా వెళ్లవచ్చు. పైగా బ్రేక్ లైట్లు వెలుగుతూనే ఉండి కారు బ్యాటరీని తాగేస్తాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. వెనక ఎడమ లైటుకు వెళ్లే వైరును క్లిప్పుతో పట్టుకుని, అక్కడి నుంచి సంకేతం తీసుకోమంటుంది కాగితం. కారును లాగడానికి లైట్ల వైరింగు చేసుకున్నవారికి ఆ వైరులో ఏముంటుందో తెలుసు. కారు సొంత కరెంటు ఒక వైపు నుంచి, మోటార్‌హోమ్ పంపే కరెంటు ఇంకో వైపు నుంచి వచ్చి అక్కడే కలుస్తాయి. ఒకదాని కరెంటు రెండోదాని సర్క్యూట్లోకి వెనక్కి పోకుండా మధ్యలో డయోడ్లు అడ్డుంటాయి. డయోడ్లు దాటాక ఆ వైరులో రెండు సంకేతాలూ ఉంటాయి. అక్కడ దీపం కలిపితే మనం మోటార్‌హోమ్ బ్రేకు తొక్కిన ప్రతిసారీ అది వెలుగుతుంది, వెనక పెట్టె చచ్చుబడి ఉన్నా సరే. మన పాదం కిందికి దిగిందని మనకే చెప్పే దీపం ఎందుకు? బ్రేకుకూ ఇండికేటర్‌కూ ఒకే బల్బు వాడే బండి అయితే, ఎడమకు తిరిగేటప్పుడు కూడా అది మిణుకుమంటుంది.

సంకేతం రావాల్సింది కారు పెడల్ దగ్గరి నుంచే. పెడల్ మీద ఉండే స్విచ్‌కు ఒక వైపు ఎప్పుడూ 12 వోల్టులు ఉంటాయి. రెండో వైపు పెడల్ నొక్కినప్పుడే వస్తాయి. ఆ రెండో వైపు వైరు మనకు కావాలి. వోల్టులు కొలిచే మల్టీమీటర్ పట్టుకుని, ఎవరినైనా పెడల్ నొక్కమంటే అయిదు నిమిషాల్లో దొరుకుతుంది. డాష్‌బోర్డు కింద తల దూర్చడం ఇష్టం లేనివారికి ఇంకో మంచి చోటుంది. వెనక అద్దం దగ్గర మధ్యలో ఉండే మూడో బ్రేక్ లైటు. అమెరికాలో 1986 మోడల్ నుంచి కార్లకు, 1994 మోడల్ నుంచి చిన్న ట్రక్కులకు అది తప్పనిసరి. దానికి ఇండికేటర్‌తో సంబంధం ఉండదు. మామూలు డయోడ్ వైరింగులో మోటార్‌హోమ్ కరెంటు దాని దాకా వెళ్లదు. అది వెలిగిందంటే కారు పెడల్ దిగిందన్న మాటే. నేను అక్కడి నుంచే తీసుకున్నాను.

ఒక్క మినహాయింపు ఉంది. పెట్టె పెడల్ నొక్కినప్పుడు కారు బ్రేక్ లైట్లు నిలకడగా వెలిగి, మోటార్‌హోమ్ పంపిన ఇండికేటర్ మిణుకు కనిపించకుండా పోతుంది. అందుకని కొందరు లాగేటప్పుడు స్విచ్ నుంచి లైట్లకు వెళ్లే దారిని రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టి తెంపుతారు. అలా చేసినచోట మూడో లైటు కూడా ఆరిపోవచ్చు. అప్పుడు సంకేతాన్ని రిలేకు ముందు, స్విచ్ వైపునే తీసుకోవాలి. ఈ మాట కాగితంలో ఎక్కడా లేదు.

రెండు బండ్ల మధ్య కేబులుకు నాది ఆరు పిన్నుల కనెక్టర్. ఎర్త్, టెయిల్ లైటు, ఎడమ, కుడి పోగా ఒకటి బ్యాటరీ చార్జింగుకు వెళ్లింది, ఒకటి మిగిలింది. మిగిలింది కదా అని కలిపేయకండి. ట్రైలర్ల కోసం వైరింగు చేసిన మోటార్‌హోమ్‌లలో ఆ పిన్నుకు ఎలక్ట్రిక్ బ్రేకు కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకులను నడిపే పరికరం) నుంచి కరెంటు రావచ్చు. కిట్‌లోని డయోడ్‌ను కారు వైపు పెట్టమన్నది అందుకే. అలాంటి కరెంటు కారు బ్రేక్ సర్క్యూట్లోకి చొరబడకుండా అది ఆపుతుంది. ఈ ఒక్క విషయంలో తయారీదారు ఆలోచన నాకు నచ్చింది. ఎర్త్‌కు విడిగా వైరు తప్పనిసరి. లాగే కడ్డీ ద్వారా ఎర్త్ అందుతుందని నమ్మితే కీళ్ల దగ్గర తుప్పు పట్టిన రోజున లైట్లన్నీ తికమకపడతాయి.

లోపాలూ చెప్పాలి. క్లిప్పులు పనికిరావు. వైరు తొడుగును కోసి లోపలికి దిగే రకం అవి. తడి, ఉప్పు తగిలే చోట కొన్నాళ్లకే లోపల చిలుం పట్టి పచ్చగా మారతాయి. నేను వాటిని పక్కన పడేసి సోల్డరింగ్ చేసి, వేడికి ముడుచుకునే, జిగురు ఉన్న ష్రింక్ గొట్టం వేశాను. వైరు మరీ సన్నం. ఎల్‌ఈడీకి కావలసింది సుమారు 20 మిల్లీఆంపియర్లే కాబట్టి కరెంటుకు సరిపోతుంది, బండి కింద ఊగులాటకు సరిపోదు. నేను అంతకన్నా లావైన 18 గేజ్ వైరు వేశాను.

అన్నిటికన్నా పెద్ద లోపం, ఫ్యూజు లేకపోవడం. కేబులు రోడ్డుకు రాసుకుని ఆ వైరు ఎర్త్‌ను తాకిందనుకోండి, కారు బ్రేక్ లైట్ల ఫ్యూజే పోతుంది. సంకేతం తీసుకున్న చోటికి దగ్గరలోనే 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టుకుంటే పోయేది ఆ దీపం ఒక్కటే. ఇంత చవక భాగాన్ని డబ్బాలో పెట్టకపోవడం నాకు కోపం తెప్పించింది. రాత్రి దీపం వెలుగు కూడా కళ్లలో పొడుస్తుంది. మసక తొడుగు ఒకటి ఇవ్వాల్సింది.

వైరు లేని రకాలూ ఉన్నాయి. బిగించడం తేలికే, కానీ సంకేతం మోటార్‌హోమ్ పొడవంతా దాటి ముందుకు రావాలి. దీపం ఆరి ఉంటే బ్రేకు వదిలిందా, సంకేతం తెగిందా అని అనుమానపడుతూ నడపడం నాకు ఇష్టం లేదు.

ఈ దీపం విలువ నాకు ఒక పొడవైన దిగుడులో తెలిసింది. ఇంజిన్ బ్రేకు (ఇంజిన్‌తోనే వేగం తగ్గించే పద్ధతి) మీద దిగుతున్నాం, నా పాదం పెడల్ మీద లేదు. దీపం వెలిగింది. వేగం తగ్గడాన్ని మాత్రమే చూసే పెట్టె, ఇంజిన్ బ్రేకునూ బ్రేకుగానే లెక్కవేసింది. ఆగి వెళ్లి చూస్తే కారు ముందు చక్రాల దగ్గర వేడి చేతికి తగులుతోంది. పెట్టె సున్నితత్వాన్ని తగ్గించి, చక్రాలు చల్లారాకే బయలుదేరాం. ఆ దీపం లేకపోతే కొండ కింది దాకా అలాగే దిగేవాళ్లం.

కొత్త కార్లలో కొన్నిటికి పెడల్ స్విచ్ దగ్గర ఈ కిట్ కుదరదు. వాటిలో పెడల్ స్విచ్ బల్బులకు కాకుండా కంప్యూటర్‌కు మాట చెబుతుంది. అక్కడ అదనపు భారం తగిలించడం మంచిది కాదు. అలాంటి కారైతే మూడో లైటు వైరును మాత్రమే చూడండి. అందులోనూ కరెంటు నిలకడగా కాక ముక్కలు ముక్కలుగా వస్తుంటే వైరింగు తెలిసినవారికి అప్పగించండి.

బిగించాక, బయలుదేరే ముందు ఇలా చూసుకోండి. బ్రేక్ పెట్టె ఆపేసి మోటార్‌హోమ్ బ్రేకు తొక్కండి, దీపం వెలగకూడదు. ఎడమ ఇండికేటర్, కుడి ఇండికేటర్, ప్రమాద సూచిక లైట్లు వేయండి, మిణుకు కూడా రాకూడదు. ఇప్పుడు ఎవరినైనా కారులో కూర్చోబెట్టి పెడల్ నొక్కమనండి. వెంటనే వెలగాలి, వదలగానే ఆరాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా బిగింపులో ఎక్కడో తప్పుందని అర్థం.